నరసాపురం లేసుకు అరుగే బడి

నరసాపురం లేసు కలకాలం నిలవాలంటే ముందు నిలబెట్టుకోవాల్సింది అరుగుల మీద, వసారాల్లో కలిసి కూర్చుని అల్లుకునే ఆడవాళ్ల జట్లను. పశ్చిమ గోదావరిలోని నరసాపురం, పాలకొల్లు, మొగల్తూరు చుట్టుపక్కల ఈ అల్లికకు 1844 ప్రాంతంలో మెక్రే అనే మిషనరీ దంపతులు శ్రీకారం చుట్టారని చెబుతారు. మొదట నేర్పిందెవరైనా, దాన్ని ఇంతటి విద్యగా పెంచింది మాత్రం ఇక్కడి తల్లులు, అత్తలు, తోడికోడళ్లు, ఇరుగుపొరుగు. కూతురికి, కోడలికి చేతిలో చెయ్యి పెట్టి అందించుకుంటూ వచ్చారు. నూటయాభై ఏళ్లు దాటినా ఈ పని సజీవంగా ఉందంటే ఆ ఘనత వాళ్లదే.

పనిముట్టు చూస్తే ఏమీ లేదు: కొన కొక్కెంలా వంగిన సూది, నూలు దారపు ఉండ, అంతే. ముందు గొలుసు కుట్టు; దాన్ని గుండ్రంగా కలిపి చుట్టూ పొట్టి కుట్లు, పొడుగు కుట్లు వేసుకుంటూ పోతే పువ్వు. పువ్వులు అల్లడం చేతిపని, వాటిని కలపడం అతుకుపని, అంచు తీర్చడం కాజాకట్టు. పెద్ద టేబుల్ క్లాత్‌కు పువ్వులన్నీ ఒక్కరే అల్లరు, చిక్కంతా అక్కడే ఉంది. ఒకరి చేతి బిగి మరొకరికి రాదు. బిగి ఎక్కువైతే పువ్వు చిన్నదై గట్టిపడుతుంది, తక్కువైతే పెద్దదై వాలిపోతుంది. అతుకుపనిలో ఆరితేరిన మనిషి ఆ తేడాను కంటితోనే పట్టేస్తుంది. ఒకచోట గొలుసులో కుట్టు పెంచి, ఇంకోచోట తగ్గించి, నలుగురి పువ్వులను ఒకే చేతి పనిలా పరుస్తుంది. ఎంత వెతికినా అతుకు దొరకదు! ఇంతటి పనితనానికి ఏ సన్మానం చేసినా తక్కువే. కానీ ఆమె పేరు ఏ సరుకు మీదా కనబడదు.

ఫోన్‌లో వీడియో చూసి నేర్చుకోవచ్చు కదా, పక్కన మనుషులెందుకు అంటారు కొందరు. కుట్టు ఎలా వేయాలో వీడియో చూపిస్తుంది, నిజమే. నీ వేలు దారాన్ని ఎక్కువ లాగుతోందని మాత్రం చెప్పలేదు. అది పక్కనున్న పెద్దావిడ చెప్పాలి, పువ్వును తట్టి చూసి, విప్పించి, మళ్లీ వేయించాలి. నలుగురి పువ్వులు పక్కపక్కన పెట్టి చూసుకుంటేనే తన బిగి ఎంతో తనకు తెలుస్తుంది. పైగా ఇల్లు కదలడానికి వీల్లేని ఆడవాళ్లకు ఆ కూర్చోవడమే ఊరితో సంబంధం. పిల్లల చదువులు, చీటీపాటలు, జబ్బులు, కూలిరేట్లు అన్నీ అక్కడే మాట్లాడుకుంటారు.

దీనికంటే బలమైన అభ్యంతరం ఒకటుంది. జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ 1982లో నరసాపురం లేసు పనివారి మీద రాసిన పుస్తకంలో ఒక చేదు నిజం బయటపెట్టారు. వీళ్లను గృహిణులని, పనిని తీరిక వేళ కాలక్షేపమని లెక్కగట్టడం వల్లే కూలి అడుగంటిందని, లాభం ఎగుమతిదారులకు చేరిందని చూపించారు. ఆ మాట కాదనలేం. అయితే తప్పు కలిసి అల్లడంలో లేదు, ఆ పనికి వెలకట్టిన పద్ధతిలో ఉంది. ఇంటింటికీ విడివిడిగా దారం పంచితే ఎవరికెంత ఇస్తున్నారో పక్కింటికి తెలియదు. జట్టుగా కూర్చున్నవాళ్లకు తెలుస్తుంది, అడిగే గొంతూ వస్తుంది.

ఇక మిషన్ లేసు సంగతి. కరిగిపోయే గుడ్డ మీద మిషన్‌తో ఎంబ్రాయిడరీ చేసి, ఆ గుడ్డను కరిగించి, మిగిలిన దారాన్ని లేసని అమ్ముతున్నారు. దాన్ని చేతి అల్లిక పక్కన పెట్టి అదే పేరుతో అమ్మడం పచ్చి మోసం. ఈ సూది అల్లికను అచ్చంగా చేసే మిషన్ ఇంతవరకూ లేదు. చేతి పువ్వు కొసముడి విప్పి లాగితే ఒకే దారంగా ఊడివస్తుంది. మిషన్ లేసు అలా రాదు. చవక కదా అనేవారు ఒకటి గమనించాలి: ఆ చవకతనం ముందు పడగొట్టేది అరుగు మీది మనిషినే. ఆమె లేచి వెళ్లిపోతే పక్కనున్న పిల్లకు నేర్పేవారుండరు. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు దక్కింది, సంతోషం. కానీ ఆ గుర్తింపు పేరును కాపాడుతుంది గాని చేతిని కాపాడలేదు. కొనేవాళ్లు చేతి పనే కావాలని పట్టుబట్టాలి, న్యాయమైన ధర ఇవ్వాలి. అమ్మేవాళ్లు అల్లిన జట్టు పేరు సరుకు మీద వేయాలి. పంచాయతీలు ఊరికొక నీడపట్టు, వెలుతురున్న గది ఈ జట్లకు ఇవ్వాలి. నేర్పే చేతులున్నప్పుడే ఈ పనులు జరగాలి.