వ్యక్తులు మారినా నిలిచే లోకం: టెలివిజన్ ధారావాహిక గొప్పదనానికి ఒక ప్రమాణం

ఉపోద్ఘాతం

టెలివిజన్ ధారావాహికల విలువను సాధారణంగా రేటింగులతోనో, ప్రసారమైన భాగాల సంఖ్యతోనో కొలుస్తారు. ఒక ధారావాహిక ఎంతమందికి చేరిందో, ఎంతకాలం సాగిందో ఇవి చెబుతాయి; ఎందుకు నిలిచిందో చెప్పవు. రెండున్నర గంటల్లో ముగిసే సినిమాకు కథానాయకుని ఆకర్షణ ఆధారం కావచ్చు. ఏళ్ల తరబడి సాగే ధారావాహికకు అది చాలదు. వ్యక్తులు మారినా చెదరని లోకాన్ని నిర్మించడమే దాని గొప్పదనానికి గీటురాయి. భిన్న స్వభావాలు గల రెండు ధారావాహికల ఆధారంగా ఈ విషయాన్ని పరిశీలించవచ్చు.

1. ‘అమృతం’: నటుని మించిన పాత్ర

గుణ్ణం గంగరాజు రూపొందించిన ‘అమృతం’ 2001 నుంచి 2007 వరకు జెమినీ టీవీలో ప్రసారమైంది. ఇందులో అమృతరావు పాత్రను శివాజీరాజా, నరేష్, హర్షవర్ధన్ పోషించారు. సినిమాలో ఊహకందని ఈ మార్పును ధారావాహిక తట్టుకోగలిగింది. దీని హాస్యం నటుని హావభావాలలోనే కాక, పాత్రల మధ్య సంబంధంలోనూ ఉండటమే అందుకు కారణం. అమృతరావుకు సులువుగా డబ్బు సంపాదించే ఉపాయం తడుతుంది; కీడు శంకిస్తూనే ఆంజనేయులు వెంట నడుస్తాడు; ఉపాయం బెడిసికొట్టి ఇద్దరూ అమృత విలాస్ హోటలుకే తిరిగి వస్తారు. ఆశకూ ఆదాయానికీ మధ్య నలిగే మధ్యతరగతి జీవితమే ఈ చట్రం. ఆంజనేయులుగా అలరించిన గుండు హనుమంతరావు 2018లో మరణించినా, 2020లో వచ్చిన ‘అమృతం ద్వితీయం’లో ఆ పాత్ర ఎల్.బి. శ్రీరామ్ ద్వారా కొనసాగింది.

దైనందిన ధారావాహికలలోనూ నటులు మారుతూనే ఉంటారు కదా అనే ఆక్షేపణ సహజం. అయితే మార్పు జరగడం ప్రమాణం కాదు. మార్పు తరువాత కూడా కొత్త సన్నివేశాలు పాత్ర స్వభావం నుంచే పుడుతున్నాయా అన్నది ప్రమాణం. కాకతాళీయ సంఘటనలతో కథను పొడిగించే చోట నటుడు నిలిచినా పాత్ర నిలవదు.

2. ‘ది వైర్’: వ్యక్తిని మించిన వ్యవస్థ

డేవిడ్ సైమన్ సృష్టించిన ‘ది వైర్’ 2002 నుంచి 2008 వరకు హెచ్‌బీవోలో 5 సీజన్లుగా, 60 భాగాలుగా వచ్చింది. బాల్టిమోర్ నగరంలోని పోలీసులు, మాదకద్రవ్యాల వ్యాపారం, ఓడరేవు, నగరపాలన, పాఠశాలలు, పత్రికారంగం ఇందులో ఇతివృత్తాలు. చివరి భాగంలో బాలుడైన మైకేల్ దోపిడీదారు ఓమార్ బాట పడతాడు. అతని సహాధ్యాయి డూకీ, బబుల్స్ లాగే మాదకద్రవ్యాలకు లోనవుతాడు. పోలీసు సిడ్నర్, మెక్‌నల్టీ చేసినట్లే పై అధికారులను దాటి న్యాయమూర్తిని ఆశ్రయిస్తాడు. మనుషులు తప్పుకున్నారు, వారి స్థానాలు ఖాళీగా లేవు. నాలుగో సీజన్‌లో బడిపిల్లలుగా చూసినవారిని ఆ స్థానాలలో చూసినప్పుడు కలిగే వేదన సుదీర్ఘమైన నిడివి వల్లనే సాధ్యమైంది.

ముగింపు

‘అమృతం’లో నటులు మారినా పాత్ర మారదు, ‘ది వైర్’లో మనుషులు మారినా స్థానాలు మారవు. మొదటిది ప్రతి కథనూ దాదాపు మొదటికే తెచ్చి నవ్విస్తుంది. అందువల్ల అనుభవం పాత్రలపై ముద్ర వేయదు. ఇది దాని పరిమితి. రెండవది జరిగిన దేనినీ మరువదు. మార్గాలు వేరైనా రెండింటిలోనూ నిడివికి ప్రయోజనం ఉంది. తెలుగు ధారావాహికల విమర్శ ‘ఎన్ని భాగాలు?’ అన్న ప్రశ్నతో ఆగక, ‘అన్ని భాగాలు ఎందుకు?’ అని అడగవలసి ఉంది.