పోగు చేర్చి, పోగు తీసి

తెనాలిలో మద్రాసు వైపు రైలెక్కితే నిడుబ్రోలు, బాపట్ల దాటాక చీరాల. 2022లో కొత్త జిల్లాలు ఏర్పడ్డాక రేపల్లెతో పాటు ఇదీ బాపట్ల జిల్లాలోకే వచ్చింది. చీరాల అనగానే పెద్దవాళ్లకు 1921 నాటి చీరాల–పేరాల ఉద్యమం, దాన్ని నడిపిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గుర్తొస్తారు. పెళ్లి పెట్టుకున్నవాళ్లకు బట్టల కొట్లు. ఇక్కడి మగ్గాల గుడ్డ అరబ్బుల తలకూ నైజీరియావాళ్ల నడుముకూ చుట్టుకుందన్న సంగతి ఎవరూ పెద్దగా చెప్పుకోరు.

అరబ్బులకు వెళ్లింది తేలియా రుమాలు. దాని పని నూలు దగ్గరే మొదలవుతుంది. ఆముదపు కాయల బొప్పి కాల్చిన బూడిదను నీళ్లలో కలిపి, ఆ తేట నీళ్లకు నూనె చేరుస్తారు. అందులో నూలును ముంచి, పిసికి, ఎండేసి, మళ్లీ ముంచుతారు. ఇలా రెండు మూడు వారాలు. ఆ తర్వాత పటిక పట్టించి ఎరుపు ఎక్కిస్తే రంగు పోగు లోపలికంటా దిగుతుంది. ఒకప్పుడు ఈ తీరంలో ఎరుపంటే చిరివేరే. దాని ఎరుపుకు మూలమైన అలిజరిన్‌ను 1868లో జర్మన్లు ప్రయోగశాలలో తయారుచేశాక ఆ వేరు తవ్వే పని తగ్గిపోయింది. నలుపు ఇనుము నుంచి వస్తుంది. నూనె వాసన ఓ పట్టాన వదలదు. ఎండకూ దుమ్ముకూ ఆ గుడ్డ తలకు హాయిగా ఉండేది కాబట్టి కొనేవాళ్లకు ఆ వాసన పట్టింపు కాలేదు.

అసలు చిక్కు కట్లలో ఉంది. గళ్ల కాగితం మీద గీసుకున్న బొమ్మ ప్రకారం పడుగునూ పేకనూ విడివిడిగా కడతారు. తెల్లగా ఉండాల్సిన చోట సైకిల్ ట్యూబు రబ్బరు బిగించి అద్దకంలో ముంచడం, కొన్ని కట్లు విప్పి మరో రంగులో ముంచడం. గుడ్డ పుట్టకముందే బొమ్మ నూలులో ఉంటుంది. మగ్గం మీద పడుగులోని ఎరుపు మీద పేకలోని ఎరుపు కూర్చోవాలి. పోగు పోగుకూ వేలితో సర్దుకోవాల్సిందే. అయినా అంచులు కాస్త చెదురుతాయి. ఆ చెదురే దీని అందం. అచ్చులో దాన్ని తెచ్చిపెట్టినా నాకు కంటికి ఆనదు. పాత రుమాళ్ల మీద గడియారాలూ విమానాలూ కూడా ఉన్నాయి. నేతగాళ్లకు కొత్త వస్తువంటే భయం లేదు మరి!

జపాన్‌లో ఇదే పనితనం కసూరి. కురుమె ఊళ్లో ఇనొఉయె దెన్ (1788–1869) అనే అమ్మాయి పన్నెండేళ్ల వయసులో, రంగు వెలిసి మచ్చలు పడ్డ పాత గుడ్డను పోగు పోగుగా విప్పి చూసి కిటుకు పట్టిందని అక్కడ చెప్పుకుంటారు. వాళ్లది నీలిమందు రంగు, మనది ఎరుపు.

నైజీరియాకు వెళ్లింది గళ్ల మద్రాసు రుమాలు. చీరాల మగ్గాల మీదా, తమిళ ఊళ్లలోనూ నేసేవారు. నైగర్ నది డెల్టాలో ఉండే కలబారీలు దాన్ని ఇంజిరి అంటారు. వాళ్లకు అది కొన్నాక కట్టేసుకునే గుడ్డ కాదు. ఆడవాళ్లు సూదితో ఒక్కో పోగు పైకెత్తి, బ్లేడుతో తెంచి, లాగేస్తారు. ఎక్కువగా లేత రంగు పోగులే పోతాయి. ముదురువి నిలిచి, సన్నని జాలీలా కొత్త బొమ్మ తేలుతుంది. దాని పేరు పెలెతె బితె. మన నేతగాడు లెక్కపెట్టి పేర్చిన పోగులను కలబారీల బుగుమా ఊరి ఆవిడ లెక్కపెట్టి తీసేస్తుంది! నేతగాడికి ప్రాణం ఉసూరుమనొచ్చు. కానీ ఆ కోతకు నిలబడాలంటే నేత గట్టిగా ఉండాలి. ఎక్కడిదో గుడ్డ తనదనిపించుకోవాలంటే ఆమె చెయ్యీ పడాలి. ఆ గుడ్డకు ఇద్దరూ కళాకారులేనంటాను. బిడ్డ పుట్టినా, పెద్దలు పోయినా కలబారీ ఇళ్లలో పెట్టెల్లోంచి బయటికి తీసేది ఇలాంటి గుడ్డలనే.

తేలియా పని చీరాల నుంచి నల్లగొండ వైపు పాకి, పుట్టపాకలో స్థిరపడింది. అక్కడి నేతగాడు గజం గోవర్ధనకు 2011లో పద్మశ్రీ వచ్చింది. 2020లో తేలియా రుమాలుకు భౌగోళిక గుర్తింపు కూడా పుట్టపాకకే దక్కింది. చీరాలవాళ్లకు కాస్త కినుక ఉంటే ఉండొచ్చు గానీ, ఆముదపు బూడిద నీళ్లలో ఇవాళ చేతులు పెడుతున్నది పుట్టపాకవాళ్లే.