ఒక బల్బు, రెండు వైర్లు

రోడ్డు పక్కన ఆగిపోయిన పాత అంబాసిడర్ చుట్టూ నలుగురు చేరితే నాలుగు జబ్బులు బయటికొస్తాయి. పెట్రోలు అందట్లేదంటాడొకడు. కాయిల్ పోయిందంటాడు ఇంకొకడు. ప్లగ్గులని ఒకరు, కండెన్సరని మరొకరు పంతం పడతారు. పాతకాలపు ఆటో ఎలక్ట్రీషియన్ వీళ్లెవరి మాటా వినడు. జేబులోంచి పార్కింగ్ లైటు బల్బొకటి తీస్తాడు. దాని హోల్డరుకు రెండు వైర్లు. ఒక వైరు చివర క్లిప్పు, రెండో దాని చివర సూదిమొన. దాన్నే టెస్ట్ ల్యాంపు అంటారు. సామాను మార్చేముందు సాక్ష్యం అడగడం అతని పద్ధతి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల స్పానర్లు అందిస్తూ పెద్దల చెయ్యి చూసి నేర్చుకునే విద్య ఇది. “ముందు లైటు పెట్టి చూడరా, తర్వాత విప్పుదువుగాని” అన్నదే మొదటి పాఠం.

అంబాసిడర్ మూలం ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3. 1950ల చివర్లో మొదలై 2014 దాకా కలకత్తా దగ్గరి ఉత్తర్‌పారాలో తయారైంది. దశాబ్దాల పాటు దాన్ని లాగిన 1489 సీసీ పెట్రోలు ఇంజనూ ఇంగ్లండుదే. నిప్పురవ్వ పుట్టించే ఏర్పాటు మాత్రం అంతకంటే పాతది. చార్లెస్ కెటరింగ్ రూపమిచ్చిన ఆ పద్ధతి 1910 ప్రాంతంలోనే అమెరికాలో కాడిలాక్ కార్లకెక్కింది. డీజిల్ అంబాసిడర్ వాళ్లకు ఈ గొడవే లేదు. దానికి కాయిలూ లేదు, స్పార్కు ప్లగ్గులూ లేవు. పెట్రోలు ఇంజన్ దించి డీజిల్ ఎక్కించిన బళ్లు మన దగ్గర తక్కువేం కాదు.

కెటరింగ్ ఏర్పాటులో దాపరికం లేదు. తాళం తిప్పగానే బ్యాటరీ నుంచి 12 వోల్టుల కరెంటు కాయిల్‌లోకి వెళ్లి, అక్కణ్నుంచి డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్ల గుండా బాడీలోకి దిగుతుంది. పాయింట్లు మూసుకున్నంతసేపూ కాయిల్‌లో అయస్కాంత శక్తి పోగవుతుంది. లోపలి క్యామ్ వాటిని విడదీసిన క్షణాన ఆ శక్తి కుప్పకూలి, కాయిల్ రెండో చుట్టలో వేల వోల్టులు పుడతాయి. రోటర్ వాటిని అందుకుని క్యాప్‌లోంచి వంతు ప్రకారం ప్లగ్గులకు పంచుతుంది. ఆ వంతు 1-3-4-2. ఇంజన్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే సెకనుకు వంద రవ్వలు కావాలి. ఈ పనంతా పాయింట్ల మధ్య పదిహేను థౌల సందు మీద, అంటే 0.4 మిల్లీమీటర్ లోపు ఖాళీ మీద నడుస్తుంది. ఫీలర్ గేజి లేని చోట విజిటింగ్ కార్డు దూర్చి సందు పెట్టి ఇంటికి చేరినవాళ్లున్నారు. అది ఇంటిదాకా వచ్చేందుకే, దానితో నెలలు తిరగడానికి కాదు.

ఇక బల్బు సంగతి. ల్యాంపు క్లిప్పును ఇంజన్ ఇనుముకు పట్టించి, సూదిమొనను కాయిల్‌కు డిస్ట్రిబ్యూటర్ వైపున్న టెర్మినల్ మీద ఆనిస్తారు. తాళం ఆన్ చేసి ఇంజన్‌ను చేత్తో నెమ్మదిగా తిప్పుతారు. పాయింట్లు మూసుకున్నప్పుడు కరెంటు బాడీలోకి పోతుంది కనక బల్బు ఆరిపోవాలి, విడినప్పుడు వెలగాలి. అలా ఆరుతూ వెలుగుతూ ఉంటే ఈ దారంతా దాదాపు బాగున్నట్టే, ఇక క్యాప్, రోటర్, పాయింట్లు విడేటప్పుడు వాటి మొనల మధ్య రవ్వ లేవకుండా కాచే కండెన్సర్ వైపు చూడాలి. ఎంత తిప్పినా ఆరకపోతే పాయింట్లు కలవడం లేదు. మసి పట్టి ఉండాలి, లేదా డిస్ట్రిబ్యూటర్ లోపలి సన్నటి ఎర్తు వైరు తెగి ఉండాలి. అసలు వెలగకపోతే సూదిమొనను కాయిల్ రెండో టెర్మినల్‌కు మార్చాలి. అక్కడా వెలగకపోతే జబ్బు తాళం వైపుంది. అక్కడ వెలిగితే కాయిల్ లోపల తీగ తెగింది, లేదంటే పాయింట్ల వైరు ఎక్కడో బాడీకి తగులుతోంది. కొత్త పాయింట్లు వేసిన మర్నాడే బండి మొరాయిస్తే ముందు అనుమానించాల్సింది దీన్నే. మేకుకు తొడిగే చిన్న ఫైబరు వాషరు తలకిందులైతే చాలు, కొత్త సామాను కూడా చచ్చినట్టే ఉంటుంది.

అదే బల్బు టైమింగూ పెడుతుంది. ఒకటో సిలిండరును కంప్రెషన్ మీదికి తెచ్చి, పుల్లీ మీది గాటును గుర్తుకు కలిపి, డిస్ట్రిబ్యూటర్ బిగింపు వదులు చేస్తారు. ఈ ఇంజన్‌లో రోటర్ ఎడమవైపు తిరుగుతుంది. కాబట్టి డిస్ట్రిబ్యూటర్‌ను ముందు ఎడమకు తిప్పి బల్బు ఆర్పుతారు, తర్వాత వెంట్రుకవాసి చొప్పున కుడికి తెస్తారు. బల్బు తటాలున వెలిగిన చోటే రవ్వ పుట్టే చోటు. అక్కడే బిగిస్తారు.

వేసవిలో పెద్ద చిక్కొకటి ఉంది. ఎండలో నడిచి నడిచి బండి ఆగిపోతుంది, అరగంట చల్లబడితే మళ్లీ పలుకుతుంది. పెట్రోలు పంపు వేడెక్కి పెట్రోలు ఆవిరైనా ఇదే లక్షణం, వేడికి కండెన్సరో కాయిలో డీలా పడినా ఇదే లక్షణం. పంపు మీద తడిగుడ్డ వేసి కూర్చోవడం మన డ్రైవర్లకు అలవాటు. ఆ అరగంటలో కాయిల్ కూడా చల్లబడుతుందని ఎవరికీ తట్టదు, మెప్పంతా తడిగుడ్డకే పోతుంది. అందుకే చూడాల్సింది ఆగిన క్షణంలోనే. కాయిల్ పెద్ద వైరును క్యాప్‌లోంచి పీకి, పొడిగుడ్డతో పట్టుకుని, ఇనుముకు పావంగుళం ఎడంగా ఉంచి సెల్ఫ్ కొట్టించాలి. పెట్రోలు వాసన ఉంటే మాత్రం ఈ పని పెట్టుకోకూడదు. నీలంగా, చిటపటమంటూ రవ్వ దూకితే తప్పు పెట్రోలుది. పచ్చగా, పీలగా వస్తే కండెన్సర్ని పట్టుకోండి. పాయింట్ల మొనలు మాడి ఉంటే అనుమానం ఇంకా బలపడుతుంది.

ఇగ్నిషన్ దాటితే ఎక్కువ ఏడిపించేది ఎర్తింగే. ఇంజన్ రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది, కాబట్టి దాన్ని బాడీతో కలిపే జడపట్టీ ఒకటి ఉండాలి. అది తుప్పుపట్టి తెగితే సెల్ఫ్ లాగే భారీ కరెంటు వేరే దారి వెతుక్కుంటుంది. చోక్ కేబులో, యాక్సిలరేటర్ కేబులో దొరుకుతుంది. సెల్ఫ్ కొట్టినప్పుడు చోక్ గుబ్బ వేడిగా తగిలిందంటే పట్టీ కేసి చూడాలి. ఇలాంటి బళ్లకు కొత్త బ్యాటరీలు అమ్మేవాళ్లంటే నాకు సదభిప్రాయం లేదు.

వైర్ల రంగులకూ ఒక క్రమం ఉంది. లూకాస్ పద్ధతిలో బ్రౌన్ అంటే నేరుగా బ్యాటరీది, తెలుపు అంటే తాళం దాటి వచ్చింది, ఆకుపచ్చ అంటే తాళమూ ఫ్యూజూ రెండూ దాటింది, నలుపు ఎర్తు. కాకపోతే యాభై ఏళ్ల బండిలో పది చేతులు పడి ఉంటాయి, ఎవరి దగ్గర ఏ రంగు వైరుంటే అదే వేసి ఉంటారు. అక్కడ రంగును నమ్మరాదు, బల్బునే నమ్మాలి.

డైనమో ఉన్న బండికి వంద వాట్ల హాలోజెన్లు బిగించడం నాకసలు నచ్చని సోకు. రెండింటికీ కలిపి పదిహేడు ఆంపియర్ల దాకా కావాలి. ఆ డైనమో బాగా తిరిగితే ఇచ్చేది సుమారు ఇరవై, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు దాదాపు సున్నా. లైట్ల స్విచ్చి కరిగాక ఎలక్ట్రీషియన్‌ను తిట్టి లాభం లేదు. అంత వెలుగే కావాలంటే ముందు ఆల్టర్నేటరూ రిలేలూ పెట్టించాలి.

పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టించుకునేవాళ్లు పెరిగారు. ట్రాఫిక్‌లో రోజూ తిరిగే బండికి అది మంచిదే, సందు అరిగే బాధ ఉండదు. కానీ పాయింట్లు పోయేముందు మిస్సింగ్ ఇచ్చి హెచ్చరిస్తాయి, ఎలక్ట్రానిక్ పెట్టె చెప్పాపెట్టకుండా పోతుంది. కాబట్టి ఊడదీసిన ప్లేటును పాయింట్లతో, కండెన్సర్‌తో సహా గుడ్డలో చుట్టి డిక్కీలో పడేసుకోవాలి. ఆ కండెన్సర్ పాతదైనా ఫరవాలేదు. ఇప్పుడు బజార్లో దొరికే కొత్తవాటికంటే, ఏళ్ల తరబడి నడిచి నిలిచినదే నమ్మకం.