విజయగాథలో ఇమడని మనసు

స్త్రీవాద విమర్శ మనకు చాలా చదవడం నేర్పింది. వంటింటిని, పురిటి మంచాన్ని, శరీరాన్ని ఎవరు ఎలా రాశారో, ఏం రాయకుండా దాటేశారో గుర్తుపట్టడం నేర్పింది. కానీ పల్లెల్లో భూమి, విత్తనం, నీళ్లు, అడవి చుట్టూ పనిచేస్తూ నలుగురినీ నడిపించే ఆడవాళ్ల గురించి అన్నిటికన్నా ఎక్కువగా వస్తున్న ఒక రాతను మాత్రం మనం సాహిత్యంగా ఎన్నడూ చదవలేదు. దాని పేరు విజయగాథ. ఆఫీసు భాషలో కేస్ స్టడీ, సక్సెస్ స్టోరీ.

దాని నిర్మాణం అందరికీ తెలిసిందే. ఒక ఫోటో, ఒకటి రెండు పేజీలు. మొదట కరువు, అప్పు, తాగుబోతు భర్త. తర్వాత సంఘం వస్తుంది. ఆ తర్వాత శిక్షణ. చివరి పేరాలో ఆమెకి ఆత్మవిశ్వాసం కలుగుతుంది, ఊరికి ఆదర్శం అవుతుంది, కథ అయిపోతుంది. ఆత్మవిశ్వాసం తప్ప ఆమెకి ఇంకే ఉద్వేగమూ ఉండదు. భయం, విసుగు, పగ, సిగ్గు, తన మీద తనకే అనుమానం, ఇవన్నీ సంఘంలో చేరకముందే అయిపోయిన విషయాలు. నాయకురాలయ్యాక మనసు ఉండకూడదని ఈ ప్రక్రియ అంటోంది. నా అభ్యంతరం అక్కడే.

ఈ రాత ఎక్కువగా పుట్టిన చోట్లలో పాలమూరు ఒకటి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ 2016 అక్టోబరులో వేర్వేరు జిల్లాలయ్యాయి కానీ అంతకుముందు అన్నీ మహబూబ్‌నగర్‌లోవే. అక్కడ 1990ల మొదట్లో మహిళా సమత సంఘాలు మొదలయ్యాయి. ఆ దశాబ్దం చివర్లో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి సంస్థ సాయంతో 'సమతా ధరణి' అనే కార్యక్రమం వచ్చింది. సంఘం ఆడవాళ్లు పడావు పడ్డ చెలకల్ని కౌలుకి తీసుకుని, కలిసి దున్ని, జొన్న, కంది లాంటి తిండి పంటలు వేసుకున్నారు. వానపాముల ఎరువు చేసుకున్నారు, విత్తనం దాచుకున్నారు. సుస్థిర వ్యవసాయం అనే మాట మన పత్రికల్లో వాడుకలోకి రాకముందే వీళ్లు ఆ పని చేతుల్లోకి తీసుకున్నారు. చిన్న సంగతి కాదది.

అయితే కౌలు అంటే ఏమిటి? భూమి ఇంకొకరిది. రాళ్లేరి, గట్లు వేసి, రెండు మూడేళ్లు ఎరువు పోసి బతికించిన నేలను ఆసామి తిరిగి అడిగితే ఇచ్చెయ్యాలి. బాగుచేసిన కొద్దీ పోగొట్టుకునే అవకాశం పెరుగుతుంది. సంఘం లీడరు ఈ భయంతోనే విత్తనం వేస్తుంది, ఈ భయంతోనే పదిమందికీ ధైర్యం చెబుతుంది. ఆసామిది పై కులం, తనది దళిత వాడ అయితే ఆ అడగడంలో, ఆ బతిమాలడంలో ఎంత అవమానం మింగాలో మనకి తెలుసు. విజయగాథ దీన్ని 'భూమిని కౌలుకు తీసుకుని' అని ఒక్క అసమాపక క్రియలో దాటేస్తుంది. ఆ క్రియలో ఒక స్త్రీ అనుభవమంతా సమాధి అయిపోయింది. బీనా అగర్వాల్ 1994 నాటి తన పుస్తకంలో ఆడవాళ్లకి సొంత భూమి హక్కు ఎందుకు కావాలో వాదించినప్పుడు మనం దాన్ని ఆర్థిక ప్రశ్నగానే తీసుకున్నాం. అది మనసుకి సంబంధించిన ప్రశ్న కూడా.

గద్వాల సంగతి ఇంకా చిక్కైంది. అక్కడ సీడు పత్తి. హైబ్రిడ్ విత్తనం కోసం సాయంత్రం మొగ్గ విప్పి మగ భాగాన్ని తీసెయ్యాలి, మర్నాడు పొద్దున పుప్పొడి అద్దాలి. ఒక్కొక్క పువ్వుకీ చేత్తోనే. ఈ క్రాసింగ్ పనికి ఆడపిల్లల్ని తల్లిదండ్రులకి అడ్వాన్సులిచ్చి కుదుర్చుకునేవాళ్లని, బడి మాన్పించేవాళ్లని దావులూరి వెంకటేశ్వర్లు అధ్యయనాలు ఇరవై ఏళ్ల కిందటే బయటపెట్టాయి. ఇలాంటి ఊళ్లో ఒకామె నిలబడి పిల్లల్ని బడికి పంపండి, తిండి గింజలు పండించండి అనాలంటే ఎవరితో అనాలి? ఆ అడ్వాన్సుతో అప్పు తీర్చుకున్న తోడికోడలితో. పత్తి వేసిన అన్నతో. రేపు పెళ్లికీ చావుకీ ఎదురుపడే మనుషులతో. బయటినుంచి వచ్చిన కార్యకర్తకి ఇది వాదన. ఆమెకిది బంధుత్వం. గెలిచినా ఏదో ఒకటి తెగిపోతుంది. ఆ తెగిన దాని గురించిన దుఃఖం ఏ నివేదికలోనూ నాకు కనిపించలేదు.

ఈ నివేదికలు రాసేది కూడా చాలాసార్లు ఆడవాళ్లే. తక్కువ జీతం మీద ఊళ్లు తిరిగే కార్యకర్తలు. అమెరికన్ సామాజికవేత్త ఆర్లీ హాక్‌షిల్డ్ 1983లో 'ది మేనేజ్డ్ హార్ట్' పుస్తకంలో విమాన పరిచారికల గురించి రాస్తూ, జీతం కోసం చిరునవ్వుని పనిగా చెయ్యడాన్ని భావోద్వేగ శ్రమ అంది. మన కార్యకర్త చేసేదీ అదే. ఆశ పుట్టించడం ఆమె ఉద్యోగం. పొద్దున ఊళ్లో ఒకామె ఏడుపు విని, సాయంత్రం రివ్యూ మీటింగ్ కోసం దాన్ని విజయంగా మార్చి రాయాలి. విన్న ఏడుపు ఎక్కడికి పోతుంది? ఆమె లోపలే ఉండిపోతుంది. ఇద్దరు ఆడవాళ్ల మధ్య జరిగిన సంభాషణలోంచి ఇద్దరి మనసులూ తీసేస్తే మిగిలేదే ఆ పేజీ.

ఇలా కాకుండా రాయొచ్చా? కెన్యాలో గ్రీన్ బెల్ట్ ఉద్యమం నడిపిన వంగారి మాథాయ్ 2006లో ఆత్మకథ రాసింది. అప్పటికి నోబెల్ శాంతి బహుమతి వచ్చి రెండేళ్లయింది. అయినా అందులో విడాకుల కోర్టులో పడ్డ అవమానం ఉంది. జడ్జిని విమర్శించినందుకు జైలుకి పోవడం ఉంది. డబ్బులేక దూరదేశాల్లో తిరిగే ఉద్యోగం ఒప్పుకుని పిల్లల్ని తండ్రి దగ్గరికి పంపాల్సి రావడం ఉంది. ఆ పేజీలు ఆమెని చిన్నబుచ్చలేదు. చెట్లు నాటడం వెనక ఎంత ఖర్చయిందో లెక్క చెప్పాయి. అయితే ఆ లెక్క రాసుకునే చదువు, ప్రచురించే అవకాశం మాథాయ్‌కి ఉన్నాయి. వనపర్తి పక్క ఊళ్లో పల్లి చేలు పీకుతూ సంఘం నడిపే స్త్రీకి ఆ పేజీలు ఎవరిస్తారు?

కవిత్వం ఇవ్వొచ్చు అనుకుంటాం. 2019లో నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో యురేనియం కోసం అన్వేషణ జరుపుతారనే వార్త మీద తెలుగు నేల అంతా కదిలింది. సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభ వద్దని ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ నెలల్లో పాటలు, కవితలు వెల్లువెత్తాయి. వాటి మేలు నేను కాదనను. కానీ వాటిల్లో నల్లమల తరచుగా తల్లి. గాయపడ్డ తల్లి, పాలిచ్చే తల్లి. మన ఊహలోకి చెంచు స్త్రీ మొదట నరసింహస్వామిని మోహింపజేసిన చెంచులక్ష్మిగా వచ్చింది, ఇప్పుడు అడవితల్లిగా వచ్చింది. అభయారణ్యం పేరుతో ఊరు ఖాళీ చెయ్యమనే మాటకీ, గని పేరుతో అడవి తవ్వుతామనే మాటకీ మధ్య నలిగే స్త్రీగా, పులి అధికారుల మీద కోపం, గని మీద భయం రెండూ ఒకేసారి మోసే మనిషిగా ఎప్పుడొస్తుంది? తల్లిని చేస్తే మాట్లాడాల్సిన అవసరం ఉండదు. తల్లి భరిస్తుంది. విజయగాథ ఆత్మవిశ్వాసంతో చేసిన పనినే కవిత్వం మాతృత్వంతో చేసింది.

మనకి ఇంకో దారి లేకపోలేదు. 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' తెలంగాణ సాయుధ పోరాటంలోని స్త్రీల చేత వీరగాథ చెప్పించలేదు. దళంలో పడ్డ ఒంటరితనం, వదులుకున్న బిడ్డ, పోరాటం ఆగాక ఇంటికి పొమ్మన్నప్పటి చేదు, అన్నీ చెప్పనిచ్చింది. మెతుకు సీమలో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత స్త్రీలు కెమెరా పట్టి, 2003లో వరంగల్ రైతుల బీటీ పత్తి నష్టాన్ని తామే చిత్రించారు. ఎవరు అడుగుతున్నారు, ఎంతసేపు వింటున్నారు అన్నదాన్ని బట్టి గాథ మారుతుంది.

ఇది శైలి గురించిన గొడవ కాదు. 2016లో కేంద్రం మహిళా సమాఖ్య కార్యక్రమాన్ని గ్రామీణ జీవనోపాధుల మిషన్‌లో కలిపేసి ముగించింది. అంతకాలం విజయగాథలే విన్న స్త్రీకి, తన ఊళ్లో సంఘం చెదిరిపోతే, అది తన ఓటమిగానే తోస్తుంది. నిధులు ఆపింది ఎవరు, భూమి ఎవరిది అనే ప్రశ్నలకి ఆ కథలో చోటు లేదు కనక నింద తన మీదికే వస్తుంది. విమర్శ చెయ్యగలిగిన పని ఆ నిందని అక్కణ్ణుంచి తీసెయ్యడం.

2025 జూన్‌లో గద్వాల జిల్లా పెద్ద ధన్వాడలో ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని చుట్టుపక్కల ఊళ్లు లేచాయి. అరెస్టయిన రైతుల్ని సంకెళ్లతో అలంపూర్ కోర్టుకి తెచ్చిన ఫోటో అందరం చూశాం. ఆ రాత్రుల్లో ఇళ్లలో ఉన్న ఆడవాళ్లు పశువులకి మేత ఎలా వేశారో, పిల్లలకి ఏం చెప్పారో, మళ్లీ రోడ్డు మీదికి వెళ్లాలా వద్దా అని ఒకరితో ఒకరు ఏమనుకున్నారో ఆ ఫోటోలో లేదు. వాళ్లింకా అక్కడే ఉన్నారు. మన యూనివర్సిటీల్లో జెండర్ కోర్సులు చెప్పేవాళ్లం, కథలు రాసేవాళ్లం ముందుగా చెయ్యాల్సింది వెళ్లి వినడం. విన్నదాంట్లో భయం ఉంటే భయమని, అలసట ఉంటే అలసటని రాయడం.