యూనిట్ల లెక్క, గంటల లెక్క

ఎండనుండి, గాలినుండి విద్యుచ్ఛక్తిని తీయుట భౌతికశాస్త్రపు పని. ఆ విద్యుత్తును ఎవరు అమ్మవలెను, ఎవరు కొనవలెను, ఏ ధరకు అను విషయములను తేల్చునది చట్టము. చట్టమును చదువువారు భౌతికశాస్త్రమును ప్రక్కకు నెట్టినచో ఎట్టి లోపము కలుగునో ఇంటికప్పులపై అమర్చు సౌరఫలకముల నియమములు చూపుచున్నవి.

మొదట గుణమును చెప్పవలెను. 2003 నాటి విద్యుత్ చట్టము 86(1)(ఇ) సెక్షను పునరుత్పాదక శక్తికి గట్టి పునాది వేసినది. పంపిణీ సంస్థ పరిధిలోని మొత్తము వినియోగములో ఇంత శాతము ఇట్టి వనరులనుండియే కొనవలెనని నిర్ణయించు బాధ్యతను అది రాష్ట్ర కమిషనుపై ఉంచినది. అంతకు పూర్వము ప్రభుత్వోత్తర్వులే ఆధారము. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లో ప్రకటించిన ప్రోత్సాహకములు తరువాత మారగా, ఉత్పత్తిదారుల వివాదము సుప్రీంకోర్టు వరకు పోయి 2010లో గాని తీర్పునకు రాలేదు. అట్టి అనిశ్చితిని తగ్గించుట చట్టము చేసిన మేలు.

ఇక లోపము. 2020లో వచ్చిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమములు, వాటికి 2021లో చేసిన సవరణ, 500 కిలోవాట్ల వరకు లేదా మంజూరైన లోడు వరకు, ఏది తక్కువైన అంతవరకు, నెట్ మీటరింగునకు అవకాశమిచ్చినవి. గ్రిడ్డుకు పంపిన యూనిట్లను గ్రిడ్డునుండి తీసికొన్న యూనిట్లలో తీసివేసి, మిగిలినదానికే బిల్లు వేయుట దీని పద్ధతి. ఇందు యూనిట్లకు లెక్క గలదు గాని గంటలకు లెక్క లేదు.

ఈ భేదము హైదరాబాదు తూర్పు భాగమున స్పష్టముగా తెలియును. నాచారం పారిశ్రామికవాడలో పగటివేళ నడచు కర్మాగారము రేకుల కప్పుపై ఫలకములు పరచినచో, ఎండ ఉన్నప్పుడే యంత్రములు తిరుగును; పుట్టిన విద్యుత్తు అక్కడికక్కడే ఖర్చగును. ప్రక్కనే ఉన్న ఉప్పల్‌లో ఒక గృహస్థు 3 కిలోవాట్ల ఫలకములు పెట్టించెననుకొనుడు. మంచి ఎండలో దినమునకు సుమారు 12 యూనిట్లు వచ్చును. పగలు ఇంటివారు పనులకు, బడులకు పోవుదురు గనుక 3 యూనిట్లు మాత్రమే వాడి, 9 గ్రిడ్డుకు పంపుదురు. చీకటిపడిన తరువాత దీపములకు, పంకాలకు, ఏసీకి 9 యూనిట్లు తీసికొందురు. మీటరు లెక్క సున్న. గ్రిడ్డు లెక్క మాత్రము సున్న కాదు.

తీగెలు విద్యుత్తును నిలువ చేయవు. ప్రతి క్షణమున ఉత్పత్తి, వినియోగము సరితూగవలెను. లేనిచో సెకనుకు 50 ఆవృత్తుల పౌనఃపున్యము చలించును. కావున పగలు ఇచ్చిన 9 యూనిట్లు రాత్రికి తిరిగి రావు; వాటిని బొగ్గునుండియో, నీటినుండియో క్రొత్తగా పుట్టింపవలెను. శ్రీశైలము ఎడమగట్టు భూగర్భ కేంద్రమున ఒక్కొక్కటి 150 మెగావాట్ల యంత్రములు 6 నిర్మింపబడినవి. ఇవి నీటిని వదలి విద్యుత్తు తీయుటకే గాక, విద్యుత్తుతో నీటిని తిరిగి పైకి తోడుటకును అనువైనవి. కాని ఇట్టి పద్ధతిలో సుమారు నాల్గవవంతు నష్టమగును. అనగా రాత్రి 9 యూనిట్లు పొందుటకు పగలు 12 వెచ్చింపవలసియుండును. చట్టము 9కి 9 చెల్లు అనును, ప్రకృతి అట్లనదు.

చట్టమునకు ఈ సంగతి తెలియదనుటకు వీలులేదు. అవే నియమములకు 2023లో చేసిన సవరణ, కమిషను నిర్ణయించు 8 గంటల సౌరవేళలో ధర సాధారణ ధరకంటె కనీసము 20 శాతము తక్కువగాను, గిరాకీ హెచ్చిన వేళలో ఎక్కువగాను ఉండవలెనన్నది. ఒకే నియమావళి ఒకచోట యూనిట్లన్నియు సమానమనియు, మరొకచోట కావనియు పలుకుచున్నది. ఈ వైరుధ్యమును విప్పకుండ సెక్షన్లను వల్లించుట చదువు కాదు.

దీనివలన నష్టపడువారెవరు? సొంత కప్పు లేనివారు. నాచారంలో అద్దెగదిలో ఉండు కార్మికుడు ఫలకము పెట్టుకొనలేడు. రాత్రి సరఫరాకు, నిలువకు అగు వ్యయము క్రమముగా అతని బిల్లులోనికి చేరు ప్రమాదమున్నది.

అట్లని నెట్ మీటరింగును రద్దుచేయుమనుట తొందరపాటు. దాని సులభత్వమే అనేకులను సౌరశక్తి వైపు త్రిప్పినది. వాడుకచోటనే ఉత్పత్తియగుటవలన తీగెలలో నష్టమును తగ్గును. కావలసినది సవరణ. ఇచ్చిన వేళకు, పుచ్చుకొన్న వేళకు వేర్వేరు విలువ కట్టవలెను; సాయంత్రమునకు బ్యాటరీలో దాచి ఇచ్చువానికి హెచ్చు ప్రతిఫలమీయవలెను; కప్పు లేనివారు పలువురు కలిసి ఒకచోట ఫలకములు పెట్టుకొని తమ బిల్లులలో వాటా పొందు వీలు కల్పింపవలెను. ఈ చట్టమును బోధించువారు సెక్షనుల ప్రక్కన ఒక దినపు విద్యుద్వినియోగ రేఖాపటమును గూడ విద్యార్థుల ముందుంచుట అవసరము. గంటగంటకు లోడు ఎట్లు మారునో చూచినవానికి నియమములోని లోపము తనంత తానే తెలియును.