ఎర్రనేల నెర్రెలివ్వదు

అనంతపురం కరువు అనగానే మన కళ్ల ముందుకొచ్చే ఫొటో ఒకటే. నెర్రెలు బారిన నేల, దాని మీద కూర్చుని ఆకాశం వైపు చూస్తున్న రైతు. బలమైన బొమ్మే, కాదనను. కానీ అనంతపురంలో ఎక్కువ భాగం ఎర్రనేల. ఇసుక పాలు ఎక్కువున్న ఆ మట్టి ఎండితే దుమ్మవుతుంది, పైన గట్టిగా పొర కడుతుంది. అరచేయి దూరేంత నెర్రెలివ్వదు. అలా పగిలేది నల్లరేగడి, లేదా ఎండిన చెరువు అడుగున ఉండే బంకమట్టి. అంటే చాలాసార్లు ఫొటోగ్రాఫర్ పొలం దాటి వెళ్లి మరీ ఆ పగుళ్లను వెతుక్కుంటున్నాడు. కరువు ఎలా ఉండాలో ముందే అనుకుని బయల్దేరుతున్నాడన్నమాట.

నేచర్ ఫొటోగ్రాఫర్ శైలి ఎక్కడి నుంచి వస్తుంది? లెన్సు నుంచా, గురువుల నుంచా, అవార్డు పొందిన ఫొటోల నుంచా? వీటన్నిటికంటే, తిరిగిన నేల నుంచి వస్తుందని నాకనిపిస్తుంది. ఇందుకు మంచి ఉదాహరణ పక్కనే బళ్లారి వైపు దొరుకుతుంది.

ఎం. కృష్ణన్ మద్రాసు మనిషి, తమిళ నవలాకారుడు మాధవయ్య కొడుకు. 1942లో సండూరు సంస్థానంలో కొలువుకి చేరాడు. బడిపంతులు, జడ్జి, మహారాజుకి రాజకీయ కార్యదర్శి, ఇలా రకరకాల పనులు చేశాడు. గొర్రెలు మేపి చూశాడు, పావురాలతో టపా నడపాలనీ చూశాడు. మిగతా పొద్దంతా ఆ కొండల్లో, ముళ్లపొదల్లో తిరగడమే. తర్వాత 1950 నుంచి 1996లో చనిపోయేదాకా 'స్టేట్స్‌మన్' పత్రికలో ప్రకృతి మీద కాలమ్ రాశాడు. రంగుల ఫిల్మ్ వచ్చినా నలుపు తెలుపుల్లోనే ఉండిపోయాడు. వేర్వేరు భాగాలు కలిపి తనే కట్టుకున్న బరువైన కెమెరాకి 'సూపర్ పాండెరోసా' అని సరదా పేరు పెట్టుకున్నాడు.

ఆయనకి పేరు తెచ్చింది అడవి ఏనుగులు, అడవిదున్నల ఫొటోలు. హైదరాబాదు ప్రచురణ సంస్థ యూనివర్సిటీస్ ప్రెస్ వేసిన 'ఐ ఇన్ ది జంగిల్' తిరగేస్తే, ఇన్‌స్టాగ్రామ్‌కి అలవాటుపడ్డ కళ్లకి మొదట కాస్త నిరాశే. కొన్ని మసకగా ఉంటాయి, కొన్నిట్లో కొమ్మలు అడ్డమొస్తాయి. నెమ్మదిగా చూస్తే తెలుస్తుంది, జంతువుని దాని పొద నుంచి విడదీయడం ఆయనకి ఇష్టం లేదని. ముళ్లపొదల్లో ఏళ్ల తరబడి తిరిగినవాడి చూపు ఇది. అక్కడ ఏ జీవమూ పొదని వదిలి ఒంటరిగా నిలబడి పోజివ్వదు.

అయితే కృష్ణన్ ఫ్రేములో మనుషులు అరుదు. అడవికి అది సరిపోతుంది, అనంతపురానికి సరిపోదు. హిందూపురం వైపు, చిలమత్తూరు మండలంలోని వీరాపురానికి వెళ్తే ఆ సంగతి అర్థమవుతుంది. ఎర్రకాళ్ల కొంగలు ఊరి మధ్యలో, చింతచెట్ల మీద గూళ్లు కడతాయి. 600 ఎంఎం లెన్సుతో తీస్తే గులాబీరంగు ఈకలు, వెనక నున్నటి ఆకుపచ్చ మసక, చక్కటి ఫొటో వస్తుంది. దాన్ని ఏ దేశంలో తీశారో మాత్రం చెప్పలేం. చెట్టు కింది ఇల్లు, ముంగిట్లో పడ్డ రెట్ట, దాన్ని భరించే మనుషులు, చేపలిచ్చే చెరువు, ఇవన్నీ ఫ్రేము బయటే ఉండిపోతాయి. చెరువు ఎండితే కొంగలకి తిండి ఉండదు. కరువు కథ అక్కడే ఉంది, క్రాప్‌లో పోయింది.

వేరుశనగ ఇంకా కష్టం. ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్ల వాన పడే చోట, ఊడలు దిగే వేళకి తడి లేకపోతే కాయ కట్టదు. అయినా పైన చేను పచ్చగానే కనిపించొచ్చు. అంటే అనంతపురం కరువుకి అసలైన ఫొటో ఒక్కోసారి పచ్చటి పొలం కావచ్చు! దాన్ని ఒక్క క్లిక్‌లో చెప్పలేం. విత్తినప్పుడు, పూతప్పుడు, చెట్టు పీకినప్పుడు అదే గట్టు మీదికి మళ్లీ మళ్లీ వెళ్లాలి. ఈ నేల ఫొటోగ్రాఫర్‌కి నేర్పే శైలి అదే. క్లోజప్ కంటే తిరిగి రావడం ముఖ్యం.

ఇదంతా అందం గురించిన గొడవ మాత్రమే కాదు. ప్రభుత్వ వేస్ట్‌ల్యాండ్స్ అట్లాస్ లెక్కల్లో ఇలాంటి పొదల నేలలకీ ఒక గడి ఉంది. అందులో జింకలు తిరుగుతాయి, తోడేళ్లు పిల్లల్ని పెంచుకుంటాయి, గొర్రెలవాళ్లు మేపుకుంటారు. మన ఫొటోలు మాత్రం అక్కడ ఏమీ లేదనే చెబుతూ వచ్చాయి. ఏమీ లేని చోట ఏదైనా పెట్టుకోవచ్చనుకోవడం సులువు. ఎన్.పి.కుంట దగ్గర సోలార్ ఫలకాలున్నాయి, ఉరవకొండ వైపు గాలిమరలున్నాయి. కరెంటు వద్దనడం లేదు. ఖాళీ అని ముద్ర వేసేముందు అక్కడేముందో చూపించిన ఫొటోలు ఎన్నున్నాయన్నదే నా ప్రశ్న.

అవి తీయాల్సింది బెంగళూరు నుంచి వీకెండ్‌కి వచ్చేవాళ్లు మాత్రమే కాదు. ధర్మవరంలో, కదిరిలో ఫోన్ పట్టుకున్న పిల్లలు కూడా తీయగలరు, ఏడాది పొడవునా అక్కడే ఉంటారు గనక. ఈలోపు మనం చేయగలిగిందీ ఒకటుంది. ఈసారి నెర్రెల ఫొటో ఎదురైతే షేర్ చేసేముందు మట్టి రంగు చూడండి. అది పొలమా, చెరువా అని అడగండి.