అడవియే పాఠశాల: మాలిసన్ గ్రంథ విమర్శనము

మన ప్రబంధములలో ఉద్యానవర్ణనము లేనిది అరుదు. మావులు, పొన్నలు, పొగడలు, సంపెంగలు వరుసగా వచ్చును, నాయిక విహరించును, వర్ణనము ముగియును. అడవియో, వేటకు గాని మునుల తపస్సునకు గాని రంగస్థలముగా నిలిచినది. ఆ చెట్ల క్రింది నేల ఏల చల్లగా నుండును, రాలిన ఆకు ఏమగును అని అడుగు అలవాటు మన సాహిత్యవిద్యలో బలపడలేదు. ఈ ప్రశ్ననే విద్యగా మలచి, ఇల్లు, పెరడు, పొలము, చెరువు కట్టుకొనువారికి అడవినే గురువుగా చూపిన గ్రంథమొకటి 1988లో ఆస్ట్రేలియాలో వెలువడినది. బిల్ మాలిసన్ రచించిన ‘పర్మాకల్చర్: ఎ డిజైనర్స్ మాన్యువల్’ అనునది దాని పేరు. మన దేశమున దాని శిష్యులు పెరుగుచున్నారు గనుక దాని గుణదోషములను విచారించుట యుక్తము.

మాలిసన్ (1928–2016) టాస్మేనియా ద్వీపమున జన్మించెను. 1959లో అచటి వర్షారణ్యములందు జంతువులను పరిశీలించుచుండగా, ఇన్ని జీవులు ఒండొంటిని పోషించుకొను ఇట్టి యేర్పాటును మానవుడును కట్టుకొనవచ్చునను తలంపు తనకు కలిగినదని ఆయన చెప్పుకొనెను. డేవిడ్ హోమ్‌గ్రెన్‌తో కలిసి వ్రాసిన ‘పర్మాకల్చర్ వన్’ 1978లో వచ్చెను. పదేండ్ల తరువాతి యీ పెద్ద గ్రంథమున ఆ భావము శాస్త్రరూపము దాల్చినది.

ఇందు ముందుగా కొనియాడదగినవి రెండు సూత్రములు. ప్రతి వస్తువును పెక్కు పనులు చేయవలెను. ప్రతి ముఖ్యమైన పనికిని పెక్కు ఆధారములు ఉండవలెను. పెరటిలోని మునగచెట్టు కాయనిచ్చును, ఆకునిచ్చును, పలుచని నీడనిచ్చును, బీరతీగకు పందిరియగును. నీటికి బావి యొక్కటే దిక్కుగాక, ఇంటికప్పు వాన, గట్టు ఆపిన వాన, ఆకు కప్పిన నేలలోని తేమ—ఇవియు తోడుండవలెను. అడవిలో ఏదియు చెత్త కాదు. ఒకదాని విసర్జనము మరియొకదాని ఆహారము. గృహిణులు ఈ తర్కమును గ్రహించుటకు పట్టభద్రులు కానక్కరలేదు.

ఇల్లు మొదలుకొని భూమిని మండలములుగా విభజించుట మరియొక గుణము. నిత్యము కోయు కూరపాదులు గుమ్మము దగ్గర, ఎప్పుడో చూడవలసిన పంట దూరమున. ఐదవ మండలము మాత్రము అడవికే విడువబడినది. అచట మానవుడు యజమాని కాడు, విద్యార్థి. ఈ యొక్క భావమునకే గ్రంథమునకు మేము నమస్కరింతుము.

ఇక దోషములు. మొదటిది, గ్రంథము ఉష్ణార్ద్రదేశములకు, మెట్టదేశములకు, శీతలదేశములకు వేర్వేరు ప్రకరణములు కేటాయించినది. ఋతుపవనముల ప్రస్తావన లేకపోలేదు గాని, మన దక్కను అడవి స్వభావమునకు తగిన స్థలము అందు దొరకలేదని మా అభిప్రాయము. టేకు, తునికి, మోదుగు ఎండకాలమునకు ముందు ఆకు రాల్చి నీటిని దాచుకొనును. ఆ ఆకు నేలపై పరచుకొని యుండగా తొలకరి పడును. చెదలు ఆ యెండుటాకును మన్నుగా మార్చును. ఇదియే మన పాఠము. నిత్యము పచ్చగా నుండు అడవిని తలచుకొని ఇచట తోట వేసినవాడు వేసవిలో నీటికొరకు బోరు త్రవ్వవలసివచ్చును. అప్పుడు అడవిపేరిట అడవిధర్మమునే తప్పినవాడగును.

రెండవది, దేశీయము, విదేశీయము అను భేదము పాటింపక, పనికివచ్చు చెట్టునెల్ల నాటుటకు మాలిసన్ మొగ్గుచూపెను. ఈ విషయమున మన అనుభవము వేరు. 1877లో కడపసీమలోని కమలాపురమున నాటబడిన సర్కారుతుమ్మ వంటచెరకునకు పనికివచ్చినది, నిజమే. కాని నేడది చెరువు గర్భములను, బీళ్లను ఆక్రమించి, పసరికనేలను మ్రింగుచున్నది. ఒక చెట్టు ఇరువదియేండ్లలో చేయు మేలును మాత్రమే చూచి నాటుట అడవిని చదువుట కాదు. గ్రంథములోని పెక్కు వాగ్దానములకు పొలమున కొలిచిన లెక్కలు తోడు లేకపోవుటయు ఈ దోషమునకే చేరును.

మూడవది అన్నిటికంటె ముఖ్యము. 2015-16 వ్యవసాయ గణన ప్రకారము దేశమున సగటు కమతము 1.08 హెక్టారులు, తెలంగాణమున 1.00, ఆంధ్రప్రదేశ్‌లో 0.94. ఇంత నేలపై బ్రతుకు రైతు ఐదవ మండలమును దేనిలో విడువగలడు? విడువుమని బోధించుట సంపన్నునికి ధర్మము, పేదకు శిక్ష. కావున మన దేశమున ఐదవ మండలము ఊరి యుమ్మడి సొత్తు కావలెను. బంచరాయి, చెరువుగట్టు, గుట్ట, దేవుని వనము—ఇవియే ఆ పాఠశాలలు. వీనిని పంచుకొనుచు, ఆక్రమించుకొనుచు ఇంటిలో మాత్రము తోటవిద్య నేర్చుట పుస్తకము నమ్ముకొని అక్షరము నేర్చుట వంటిది.

ఈ మాట మనకు కొత్తగాదు. 1987లో మాలిసన్ జహీరాబాదు సమీపమున పస్తాపూరునకు వచ్చి పాఠములు చెప్పెను; 2017లో అంతర్జాతీయ పర్మాకల్చర్ సభ హైదరాబాదున జరిగినది. అదే జహీరాబాదు ప్రాంతమున 1983లో ఏర్పడిన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన దళిత స్త్రీల సంఘములు జొన్న, కంది, అనుము మొదలగువానిని ఒకే చేనిలో కలిపి విత్తు పద్ధతిని, విత్తకయే మొలచిన ఆకుకూరలను తినుటను నిలుపుకొనినవి. ఆ స్త్రీలలో అనేకులు బడికి పోలేదు. గురువును పరదేశమునుండి పిలుచుటలో దోషము లేదు. పొరుగున నున్న గురువును గుర్తింపకపోవుటలో దోషమున్నది.

ఈ విద్యకు పట్టా నిచ్చు పాఠక్రమము 72 గంటలది. సూత్రములు నేర్చుటకది చాలును. అడవిని నేర్చుటకు చాలదు. ఆకు రాలుట, తొలకరి, పూత, విత్తనము—ఒక సంవత్సరమైనను చూడనివాడు అడవిని చూచినవాడు కాడు. మన పాఠశాలలలో మొక్కలు నాటు దినమొకటి కలదు. నాటిన మొక్కను మరుసటి వేసవిలో చూచు దినము లేదు. పిల్లలను నెలకొక్క పర్యాయము ఊరి గుట్టకు గొనిపోయి, ఒకే చెట్టుక్రింద మన్నును పట్టించి, చూచినది వ్రాయింపుడు. పండ్రెండు పుటలగును. ఆ పండ్రెండు పుటలు చదివిన పిమ్మట మాలిసన్ గ్రంథమును తెరచిన విద్యార్థికి, ఏది గ్రహింపవలెనో ఏది విడువవలెనో తానే తెలియును. అట్టి పాఠకునికి ఇది ఉత్తమ గ్రంథము. అట్లు చదువనివానికి ఇదియు మరియొక ఉద్యానవర్ణనమే.